కుదరదు మాస్టారు

మా బావకి ఉన్నది ఒకటే అలవాటు. గుమ్మం దాటి ఎవరు లోపలికి వచ్చినా, ఏం అడిగినా, మొదటిసారి మాత్రం కుదరదంటాడు. అడిగింది మంచిదా చెడ్డదా, అడిగినవాళ్లు చిన్నవాళ్లా పెద్దవాళ్లా అన్న విచక్షణ లేదు. "ఈసారికి కుదరదు. బయటికి వెళ్లి, తలుపేసి, మళ్లీ రండి" అంటాడు. పోనీ కోపిష్టి మనిషా అంటే అదీ కాదు. చిరునవ్వు చెరక్కుండా అంటాడు. ఎదుటివాడికి ఒళ్లు మండేది అందుకే.

ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలిగింది మా అక్క ఒక్కతే. ఆవిడ మందుల షాపు నడుపుతుంది కాబట్టి తలనొప్పి మాత్రలకి లోటు లేక కాపరం నెట్టుకొచ్చింది. అయినా ఆవిడ బాధ ఇంటివరకే. నాది అలా కాదు. బావ మా కాలేజీలో కెరీర్ సెల్ చూస్తాడు. నేను అదే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను, వాళ్ల ఇంట్లోనే మేడమీద ఉంటాను. అంటే పగలు అక్కడా, సాయంత్రం ఇక్కడా నన్ను బయటికి పంపి మళ్లీ రమ్మనేది ఒకే మనిషి. లోకంలో ఇలాంటి అదృష్టం ఎంతమందికి పడుతుందో తెలీదు.

కెరీర్ సెల్ అంటే, పిల్లలకి ఉద్యోగాలూ, సెలవుల్లో చేసుకునే ఇంటర్న్‌షిప్పులూ, ఫీజులు కట్టే స్కాలర్‌షిప్పులూ ఎక్కడున్నాయో వెతికి, వాటి ఇంటర్వ్యూలకి వాళ్లని తయారుచేసే విభాగం. విభాగమని పేరేగానీ అందులో ఉన్నది మా బావ, ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక తలుపు. వరండా చివర, పూర్వం కెమిస్ట్రీ వాళ్లు సీసాలు పెట్టుకున్న గది అది. ఇప్పటికీ లోపలికెళ్తే ముక్కు చురుక్కుమంటుంది. అక్కణ్ణించి కళ్లు తుడుచుకుంటూ వచ్చే పిల్లల్ని చూసి, పాపం ఎంత ఏడిపించాడో అనుకుంటారు కొత్త లెక్చరర్లు. అందులో సగమే ఏడుపు, మిగతా సగం యాసిడ్.

ఆ గదిలో జరిగేవి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. మా బావ ఒక పాత కోటు తొడుక్కుని బల్ల వెనక కూర్చుంటాడు. కోటు తొడుక్కున్నాక ఆయన మనిషి కాదు, కంపెనీ. అప్పటిదాకా "ఏరా, ఏమ్మా" అన్నవాడు కాస్తా "మీరు, తమరు" అంటాడు. పిల్లలు తలుపు కొట్టాలి, లోపలికి రావాలి, నమస్కారం పెట్టాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. అంతా అయ్యాక ఆయన కుదరదంటాడు. ఏం తక్కువైందో ఒక్క ముక్క చెబుతాడు. వాళ్లు బయటికి వెళ్లి, తలుపేసి, ఆ ఒక్క ముక్కా సరిచేసుకుని, మళ్లీ తలుపు కొట్టాలి. ఎన్నిసార్లన్న లెక్క లేదు. మొదట్లో బిక్కమొహాలు వేసేవాళ్లు. రానురానూ అది వాళ్లకి మెట్లెక్కి దిగినంత మామూలైపోయింది. ఆయనకి కుదరదు మాస్టారని పేరు పెట్టింది వాళ్లే. ఆ పేరు విని ఆయన ఏమీ అనుకోలేదు, ఇంకొంచెం బాగా ఆలోచించి మళ్లీ పెట్టుకు రమ్మన్నాడు.

ఒకడిని "మీ గురించి చెప్పండి" అన్నాడట. వాడు నాన్న ఉద్యోగం, తాతగారి వ్యాపారం, అన్నయ్య జీతం, అన్నీ గడగడా చెప్పాడు. మీ ఇంట్లో అందరినీ తీసుకున్నాం, మీకొక్కరికే కుదరదు అని బయటికి పంపాడు. ఇంకొకడు తన బలహీనతల్లా మరీ ఎక్కువ కష్టపడటమేనన్నాడు. ఆ మాట మీ అమ్మగారి చేత చెప్పించుకు రండి, అప్పుడు నమ్ముతానన్నాడు. ఐదేళ్ల తరవాత ఎక్కడుంటారని అడిగితే ఒక అమాయకుడు, ఇంటివాళ్లు అద్దె పెంచకపోతే ఇక్కడే ఉంటామండీ అన్నాడు. దానికి మాత్రం మా బావ పడీపడీ నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, కుదరదన్నాడు.

కొందరు చల్లకొచ్చి ముంత దాచే రకం. ఫలానా చోట ఇంటర్న్‌షిప్పు కావాలని వస్తారు, అది తప్ప అన్నీ మాట్లాడతారు. కాలేజీ బాగుందంటారు, కోటు బాగుందంటారు. అడగనిదే అమ్మయినా పెట్టదు, నేను మీ అమ్మని కూడా కాదు అని వాళ్లని బయటికి పంపేవాడు. మళ్లీ వచ్చి గుమ్మంలోంచే నాకు ఇంటర్న్‌షిప్పు కావాలి అని అరిస్తే, కావాలంటే సరే, ఎందుకు కావాలో మింగేశారు, కుదరదు అనేవాడు.

ఇన్నిసార్లు తెరిచి మూస్తే తలుపు మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఏటా దాని బందులు ఊడొచ్చేవి. ఓసారి వడ్రంగి పెట్టె చంకన పెట్టుకుని తిన్నగా లోపలికొచ్చి, తలుపు బాగుచెయ్యమన్నారట అన్నాడు. కోటు మీదున్న మా బావ అలవాటు చొప్పున కుదరదన్నాడు. వడ్రంగి నెమ్మదస్తుడు. పెద్దవాళ్లు చెప్పారు కదా అని బయటికెళ్లి తలుపేశాడు. మిగిలిన ఒక్క బందూ ఊడి, తలుపు అమాంతం అతని మీద పడింది. దాని కిందనుంచే, "మళ్లీ రమ్మంటారా అండీ?" అని అడిగాడు. మా బావ పరిగెత్తుకెళ్లి లేవదీశాడు. దెబ్బ తగల్లేదని తేలాక అతని పట్టుదలకి ముచ్చటపడి, ఫర్నిచర్ డిజైన్ కోర్సుకి మంచి స్కాలర్‌షిప్పు ఉంది, చేరతావా అని పట్టుకున్నాడు. ఆ వడ్రంగి మళ్లీ మా కాలేజీ ఛాయలకి రాలేదు.

ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో మా అక్క కాఫీ తెస్తే కుదరదనేవాడట, ఆవిడ బయటికెళ్లి మళ్లీ తెచ్చేది. కొన్నాళ్లకి తెలివి తెచ్చుకుంది. బయటికి పంపగానే గుమ్మం అవతల ఆ కాఫీ తనే తాగేసి, ఖాళీ కప్పుతో లోపలికి రావడం మొదలుపెట్టింది. దాంతో కాఫీ ఒక్కదానికి మినహాయింపు దొరికింది.

మా మేనకోడలి పెళ్లయితే ఈ అలవాటు మూలంగా గుమ్మంలోనే ఆగిపోబోయింది. తను చేసుకుందామనుకున్న పళ్ల డాక్టర్ని ఒక ఆదివారం ఇంటికి తీసుకొచ్చింది. కుర్రాడు నమస్కారం పెట్టి, మీ అమ్మాయిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నానండీ అన్నాడు. మా బావ "ఈసారికి కుదరదు" అన్నాడు. మిగతా సగం చెప్పేలోగా దగ్గు పట్టుకుంది. పళ్ల డాక్టరు విన్న సగంతోనే సరిపెట్టుకుని, వస్తానండీ అని వెళ్లిపోయాడు. మా మేనకోడలు చెప్పులైనా వేసుకోకుండా బస్టాపు దాకా పరిగెత్తి, ఎక్కబోతున్నవాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. ఈసారి మా బావ లేచి కౌగిలించుకుని, మొదటిసారికంటే చాలా బాగా వచ్చావయ్యా అన్నాడు. ఆ అల్లుడికి ఆ ఆదివారం ఇంకా గుర్తే. మామగారు పన్ను నొప్పని వెళ్తే, కుదరదండీ, బయట కూర్చుని మళ్లీ రండి అంటాడు.

ఇలాంటి మనిషి చేతికి గుసగుస చిక్కింది.

గుసగుస అన్నది ఆ అమ్మాయికి తోటిపిల్లలు పెట్టిన పేరు. మాట్లాడదని కాదు, మాట్లాడినట్టు మనకి తెలియదు. హాజరు పిలిస్తే పెదాలు కదిలేవి, నేను పెదాలు చూసి హాజరు వేసేవాణ్ణి. చదువులో మాత్రం ఆ పిల్లకి ఎదురులేదు. మైక్రోబయాలజీ. సూక్ష్మజీవులంటే ప్రాణం పెడుతుంది. వాటితో మాట్లాడటానికి గొంతు అక్కర్లేదు కాబట్టి కాబోలు అనుకునేవాణ్ణి. తండ్రి లేడు. వాళ్లమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఆ వంటతో రెండేళ్ల చదువు లాక్కొచ్చింది, మూడో ఏడాది ఇక తన వల్ల కాదంది. ఫీజుకి దారి దొరక్కపోతే ఆ పిల్ల చదువు ఆపేసి వాళ్ల పెద్దమ్మ బ్యూటీ పార్లర్లో కౌంటర్ దగ్గర కూర్చోవాలి. పెద్దమ్మ ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తోంది కూడా.

ఉన్న దారి ఒక్కటే. ఆస్పత్రులకి పరీక్షల యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. వాళ్లు ఏటా కొందరు పిల్లల్ని సెలవుల్లో తమ ల్యాబులో పనికి తీసుకుని, బాగా చేస్తారనిపించినవాళ్లకి చివరి ఏడాది ఫీజు కడతారు. ఎప్పుడూ పేరున్న పెద్ద కాలేజీలనే పిలిచేవాళ్లు, ఎందుకోగానీ ఆ ఏడాది మాకూ పిలుపొచ్చింది. మా బావ గుసగుసని పట్టుకున్నాడు.

ఆ పిల్ల తలుపు కొడితే అది తలుపుకే వినపడేది కాదు. లోపలికొచ్చి నమస్కారమండీ అంటే, ఫ్యాను తిరుగుతోందా అని మా బావ పైకి చూసేవాడు. రోజూ బయటికి పంపేవాడు. ఆ పిల్లా రోజూ తిరిగొచ్చేది. ఆమె గొంతు కాస్త పెరిగిందనిపిస్తే ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరిపేవాడు. జరిపి జరిపి వీపు గోడకి ఆనాక, కిటికీ తెరిచి అవతల జనరేటర్ వేయించాడు. ఆఖరికి బల్ల దగ్గర ఆ పిల్లని కూర్చోబెట్టి తను వరండా రెండో కొసన నిలబడి ప్రశ్నలు అడిగేవాడు. మధ్యలో ఉన్న క్లాసులన్నిటికీ ఆయన ప్రశ్నలు వినపడేవి, జవాబులు మాత్రం ఎవరికీ వినపడేవి కావు. అక్కణ్ణించే కుదరదని చెయ్యి ఊపేవాడు.

అసలు ఇంటర్వ్యూకి ముందురోజు నేను ఉండబట్టలేకపోయాను. ఆయన గదికి వెళ్లాను. కుదరదన్నాడు, బయటికెళ్లి మళ్లీ వచ్చాను.

"బావా, రేపు ఆ పిల్ల బతుకు తేలిపోతుంది. ఇవాళొక్కసారికి సరే అను. నోట్లో నాలుక లేని పిల్ల, కాస్త ధైర్యమైనా వస్తుంది" అన్నాను.

"సరే అంటే వచ్చే ధైర్యం ఎంతసేపుంటుందిరా? అవతలివాడు కాదనేదాకా" అన్నాడు.

మాటకి మాట చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. నా ఎదురుగానే ఆ పిల్లని పిలిచాడు. ఆ రోజు నా చెవికి సగానికి సగం వినపడింది. ఇప్పుడైనా 'సరే' అంటాడేమోనని చూశాను. ప్రతి జవాబులోనూ చివరి మాట మింగేస్తున్నారు, ఈసారికి కుదరదు అన్నాడు. ఆ పిల్ల తల ఊపి బయటికెళ్లింది. ఈలోగా ఆఖరి బస్సు హారన్ కొట్టడంతో మళ్లీ రాకుండానే పరిగెత్తింది. ఆ సాయంత్రం నేను ఆయనతో మాట్లాడలేదు. సంగతి విన్న మా అక్క కాఫీ పెట్టలేదు.

మర్నాడు కంపెనీకి పిల్లల వెంట బావ నన్ను వెళ్లమన్నాడు. నువ్వు రావా అంటే, ఆ కంపెనీ గడప నేనెప్పుడూ తొక్కలేదు, కొత్త చోట నాకు కంగారు అన్నాడు. కుదరదని చెప్పడానికి లేని కంగారు ఇప్పుడెక్కణ్ణించొచ్చిందో అనుకుంటూ పిల్లల్ని వ్యాన్ ఎక్కించాను.

అక్కడ పెద్ద హాలు, ఒక పక్క రిసెప్షన్, ఇంకో పక్క మేము కూర్చోవడానికి సోఫాలు, ఎదురుగా ఇంటర్వ్యూ గది తలుపు. లోపల ముగ్గురున్నారు. పెద్దావిడ ఒకరు, కంపెనీలో ల్యాబులన్నీ ఆవిడ చేతికిందేనట. ఇంకో ఇద్దరు మగవాళ్లు. మా వాళ్లలో మొదటి పిలుపు గుసగుసకే వచ్చింది.

వెళ్లిన పిల్ల, నేను సరిగ్గా సర్దుకుని కూర్చునేలోపే బయటికొచ్చేసింది. మొహం పాలిపోయి ఉంది. ఏమన్నారమ్మా అని దగ్గరికెళ్లి చెవి వంచాను. నా మాట వినపడటం లేదట సార్, చాలన్నారు, తరవాతివాళ్లని పంపమన్నారు అంది. నాకు మా బావ మీద కోపం పీకలదాకా వచ్చింది. ఇన్ని నెలలూ ఆ పిల్లని గుమ్మం లోపలికీ బయటికీ తిప్పి ఆయన సాధించింది ఇదా? ఏం చెప్పి ఓదార్చాలో మాటలు వెతుక్కుంటున్నాను.

ఆ పిల్ల నా ఓదార్పు కోసం ఆగలేదు. తన వెనకున్న తలుపు పూర్తిగా పడిందో లేదో చూసి, పడలేదని నెట్టింది. జుట్టు సర్దుకుంది. ఊపిరి పీల్చుకుంది. అదే తలుపు మళ్లీ కొట్టింది.

నేను వారించబోయాను. అప్పటికే లోపలికెళ్లిపోయింది. తలుపు ఓరగా ఉండిపోవడంతో లోపలి మాటలు వినపడుతున్నాయి.

"ఏమ్మా, ఏమన్నా మర్చిపోయావా?" అంది పెద్దావిడ.

"లేదండి. ఇందాక నా మాట వినపడలేదన్నారు కదండీ. మళ్లీ వచ్చాను."

"మళ్లీ వచ్చావా? ఎందుకు?"

"నమస్కారం దగ్గర్నుంచి చెబుతానండి" అంది. నిజంగానే నమస్కారం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

వాళ్లకి ఏం చెయ్యాలో తోచలేదనుకుంటాను. ఇంటర్వ్యూలో కాదన్నాక ఏడ్చినవాళ్లని చూసి ఉంటారు, పోట్లాడినవాళ్లని చూసి ఉంటారు, మర్యాదగా తలుపు కొట్టి మొదటికొచ్చినవాళ్లని చూసి ఉండరు. కూర్చోమన్నారు. ఈ పనే ఎందుకని అడిగారు. వాళ్లమ్మ పనిచేసే హాస్టల్లో ఒకసారి పిల్లలందరికీ కడుపునొప్పులొస్తే, వంట మీద నెపం పెట్టారట. వాళ్లమ్మని తీసేస్తామన్నారట. ఈ పిల్ల కుళాయి నీళ్లు చిన్న సీసాలో పట్టుకొచ్చి, మా కాలేజీ ల్యాబులో పరీక్షచేసి, తప్పు కూరది కాదు, పైన ట్యాంకుదని తేల్చిందట. ట్యాంకు కడిగించారు, అమ్మ ఉద్యోగం నిలబడింది. ఈ కథ మా కాలేజీలో ఎవరికీ తెలీదు, చెప్పి ఉన్నా వినపడి ఉండదు. సోఫాలో కూర్చున్న నాకు చివరి మాట దాకా వినపడింది. కాస్త బొంగురు గొంతు. రెండేళ్లకి ఆ గొంతు పూర్తిగా వినడం అదే మొదటిసారి, నాకు కళ్లు చెమర్చాయి. ఆ హాల్లో యాసిడ్ వాసన కూడా లేదు.

బయటికొచ్చింది. ఏమన్నారంటే, బాగానే చెప్పాను గానీ రిపోర్టు ఎలా రాస్తావంటే తడబడ్డానన్నారు సార్ అంటూనే వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. తలుపు కొట్టకముందే లోపల్నుంచి తెరుచుకుంది. రామ్మా, నువ్వు మళ్లీ వస్తావని కూర్చునే ఉన్నాం అన్నాడు ఆ మగవాళ్లలో ఒకాయన.

కథ అక్కడితో అయిపోతే కంపెనీ వాళ్లు వేళకి భోజనం చేసేవాళ్లు. గుసగుస తరవాత వెళ్లినవాడు బయటికొచ్చాడు, తలుపేశాడు, తిరిగి కొట్టాడు. ఆ తరవాత అమ్మాయీ అంతే. ఒకడు బయట ఆలోచించుకుంటుంటే ఇంకొకడు వాడి సందులో దూరాడు. కాసేపటికి ఆ తలుపు దగ్గర మా వాళ్లదొక వరస తయారైంది. లోపల కాదన్నవాడు బయటికొచ్చి వరసలో ఆఖర్న నిలబడుతున్నాడు. ఒక్కడికీ తప్పు చేస్తున్నామన్న ధ్యాసే లేదు. ఇంటర్వ్యూ అంటే ఇదేనని వాళ్ల నమ్మకం. వేరే కాలేజీల పిల్లలు ముందు వింతగా చూశారు. తరవాత ఒకడు మెల్లిగా వచ్చి, ఇది మేము కూడా చెయ్యచ్చా అని నన్నడిగాడు.

చివరికి పెద్దావిడే బయటికొచ్చింది. కళ్లజోడు తలమీదికి తోసుకుని, ఈ పిల్లల తాలూకు ఎవరని అడిగింది. లేచి నిలబడ్డాను.

"ఏమండీ, మీ పిల్లలు కాదంటే వెళ్లరేం?"

క్షమించమనాలని నోరు తెరిచాను. అనుకున్న మాట కాకుండా వేరే మాట వచ్చింది.

"కాదంటే వెళ్లిపోవాలని వాళ్లకెవరూ నేర్పలేదండి" అన్నాను.

ఆ మాట అన్నాక నాకే తెలిసొచ్చింది, ఆ యాసిడ్ గదిలో మా బావ ఇన్నాళ్లూ చేస్తున్న పనేమిటో. పిల్లలకి జవాబులు నేర్పుతున్నాడనుకున్నాను. ఆయన నేర్పింది తలుపు కొట్టడం. కాదు అన్న మాటని ఎన్నిసార్లు వినిపించాడంటే, అందులో ఉన్న విషం కాస్తా కారిపోయి ఉత్త మాటగా మిగిలింది.

పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, మీది ఫలానా కాలేజీయా, ఆ మళ్లీ వచ్చారు గారి కాలేజీయా అంది. నాకు అర్థం కాలేదు. రిసెప్షన్లో కూర్చున్నతను కిసుక్కున నవ్వాడు.

అతనే చెప్పాడు. మూడేళ్లుగా ఒకాయన పాత కోటు వేసుకుని వస్తున్నాడట, మా పిల్లల్ని కూడా ఇంటర్వ్యూకి పిలవండి అని. చిన్న కాలేజీలకి కుదరదని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, రిసెప్షన్లో ఇతను చెప్పాడు, పైనున్న మేనేజరు చెప్పాడు. ఆయన ప్రతిసారీ అలాగేనండీ అని అద్దాల తలుపు తోసుకుని బయటికెళ్లి, అది పూర్తిగా పడేదాకా ఆగి, మళ్లీ లోపలికొచ్చి నమస్కారం పెట్టేవాడట. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. ఆయన అసలు పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు, అందరూ మళ్లీ వచ్చారు గారనే అంటారట.

"చివరికి నేనే తట్టుకోలేక, మీ పిల్లల్ని పంపండి, మీరు మాత్రం రాకండి అన్నాను" అంది పెద్దావిడ. "ఒక్క మనిషిని ఆపడానికి ఒప్పుకుంటే, ఆయన ఇంతమందిని తయారుచేసి పంపాడు."

నవ్వు ఆపుకోలేక ఆవిడ సోఫా చెయ్యి పట్టుకుంది. మా వాళ్ల వరస చూసి ఇంకా నవ్వింది. ఆ నవ్వులోనే, ఆ నీళ్ల ట్యాంకు అమ్మాయిని సెలవుల్లో పంపించండి, చివరి ఏడాది ఫీజు మాది అంది. మిగతావాళ్లలో ఇంకొకణ్ణి తీసుకున్నారు. తతిమ్మావాళ్లకి ఈ ఏడాదికి కాదన్నారు. వాళ్లు వ్యాన్ ఎక్కుతూ, వచ్చే ఏడాది ఏ నెలలో పెడతారు సార్ అని నన్నడిగారు.

గుసగుస రిసెప్షన్ ఫోన్లోంచి వాళ్లమ్మకి చెప్పింది. అవతల హాస్టల్ వంటింట్లో గిన్నెల మోత. ఏంటే, వినపట్టం లేదు, గట్టిగా చెప్పు అని వాళ్లమ్మ అరుపు మాకే వినపడింది. నాకు వచ్చిందమ్మా అని ఆ పిల్ల అరిచిన అరుపుకి మెట్లమీద వెళ్తున్నవాళ్లు ఆగిపోయారు. వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి తొంగి చూశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా బావ హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదట, షాపుకి మూడుసార్లు ఫోన్ చేసి, వాడేమన్నా చెప్పాడా అని మా అక్క ప్రాణం తీశాడట. వచ్చిందని చెప్పాను. కుర్చీలో కూలబడ్డాడు. ఒకసారి చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, నిమ్మకు నీరెత్తినట్టు, అలాగా, బాగానే ఉంది అన్నాడు. నేను విన్నదేదీ బయటపెట్టలేదు. ఇన్నేళ్లు దాచుకున్నాడు, ఆయన్నే దాచుకోనిద్దామనుకున్నాను.

"అయితే నువ్వు రోజంతా ఎక్కడ కూర్చున్నావురా?" అని అడిగాడు.

"రిసెప్షన్లో, సోఫాలో."

"ఎడమ పక్కనా? అయ్యో, అక్కడ స్ప్రింగు పొడుస్తుందిరా, కుడిపక్కకి జరగాల్సింది" అన్నాడు.

మా అక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఆ కంపెనీ గడప తొక్కని మనిషి మా ఇద్దరి మొహాలూ చూశాడు, నాలిక కరుచుకున్నాడు, పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

"ఇంకా ఎన్ని సోఫాలు తెలుసండీ మీకు?" అంది మా అక్క.

పేపరు వెనకనుంచి గొంతు వచ్చింది. బిస్కెట్ల కంపెనీలో బెంచీ అట. సాఫ్ట్‌వేర్ వాళ్లది చక్రాల కుర్చీ, కూర్చుంటే వెనక్కి పోతుందట. పేద పిల్లలకి స్కాలర్‌షిప్పులిచ్చే ట్రస్టు ఆఫీసులో అసలు కూర్చోమనరట. మా అక్క లోపలికెళ్లి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ట్రస్టు వాళ్లు మరీ గట్టి పిండాలురా" అన్నాడు ఆయన, పేపరు దించి. "ఒక్కణ్ణే అయితే నేను బయటికెళ్లగానే గడియ పెట్టేస్తున్నారు. రేపు నువ్వు కూడా రా. ఒకడు బయటికెళ్లినా ఇంకొకడు లోపలుంటాడు."

మర్నాడు క్లాసులు మార్చుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ట్రస్టు ఆఫీసులో సన్నగా, పొడుగ్గా ఉన్న కార్యదర్శి మా మాట మొత్తం విన్నాడు. మీ కాలేజీ పిల్లలకి ఈ ఏడాది కుదరదన్నాడు. ఎంత తెలివైనవాడంటే ఇద్దరినీ ఒకేసారి గుమ్మం దాకా సాగనంపి తలుపేసుకున్నాడు.

వరండాలో నిలబడ్డాం. నాకు చెవులు వేడెక్కాయి, తిన్నగా ఇంటికి పోదామనిపించింది. మా బావ కోటు దులుపుకున్నాడు. నా కాలరు సరిచేశాడు.

"మొదటిసారికి బాగానే చేశావు. ఈసారి నువ్వు కొట్టు" అన్నాడు.